‘అది మీ దేవుడు, నాకెందుకు?’ అన్న పిల్లాడికి ఏం చెప్పాలి?

అమ్మా, వందనాలు.

మీరు రాసిందంతా చదివాను. శ్రీకాకుళంలో ఉంటున్నారు. మీ ఆయన చెన్నైలో పని, సంక్రాంతికీ వేసవికీ తప్ప రావడం కుదరదు. బాబు తొమ్మిదో తరగతి, పాప నాలుగు. చిన్నప్పుడు కంఠత వాక్యాల్లో ప్రైజులన్నీ ఎత్తుకొచ్చిన బాబు ఇప్పుడు కుటుంబ ప్రార్థనలో తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. గదమాయిస్తే, “అది మీ దేవుడు, నాకెందుకు? సర్టిఫికెట్లో ఒకటి రాయిస్తారు, చర్చిలో ఒకటి చెప్తారు, అంతా నాటకం” అన్నాడు. అత్తగారేమో ఉపవాస ప్రార్థన పెట్టించమంటున్నారు. పాస్టరు గారు వచ్చే గుడ్ ఫ్రైడేకి బాప్తిస్మం ఇచ్చేస్తే కుదురుకుంటాడంటున్నారు. మధ్యలో మీరు నలిగిపోతున్నారు.

నేను విజయనగరం జిల్లాలో బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యాను. సండే స్కూలు మాత్రం ఇంకా వదల్లేదు. నా దగ్గర కంఠత వాక్యాలు అప్పజెప్పిన పిల్లల పిల్లలు ఇప్పుడు నా క్లాసులో ఉన్నారు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు బాప్తిస్మం సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు వద్దు. అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడు రథం మీద వెళ్తూ, నీళ్ళు కనబడగానే “నాకు బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డమేంటి?” అని తనే అడిగాడు. రథంలో పక్కన కూర్చుని సువార్త చెప్పిన ఫిలిప్పు బతిమాలలేదు. మీది బాప్టిస్టు సంఘమని రాశారు కదా, తెలిసి నమ్మినవాళ్ళకే బాప్తిస్మం అన్నదే కెనడా బాప్టిస్టు మిషనరీలు మన జిల్లాలకు తెచ్చిన పద్ధతి. ఆ సంఘంలోనే ఇప్పుడు తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని ఒక బ్యాచీగా పోగేసి గుడ్ ఫ్రైడేకి నీళ్ళలో దింపేయడం నాకైతే విచిత్రంగా ఉంటుంది. లూథరన్ల ఇళ్ళల్లో, ఆర్సీఎం (రోమన్ కేథలిక్) వాళ్ళ ఇళ్ళల్లో పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి, అక్కడ ఇదే తొందర కన్ఫర్మేషన్ (పెరిగాక ఆ విశ్వాసాన్ని తనే ఒప్పుకునే ఆచారం) దగ్గర కనబడుతుంది. పేరేదైనా, నమ్మానని పదిమందిలో ఒప్పుకోవడం పిల్లాడు చేయాల్సిన పని. పాస్టరు గారికి మీరే మర్యాదగా చెప్పండి: “వాడు అడిగిన రోజున మీ దగ్గరికి నేనే తీసుకొస్తానండీ” అని. మంచి పాస్టరైతే నొచ్చుకోరు.

ఇక వాడన్న మాట. ‘అది మీ దేవుడు’ అన్నాడని మీకు ఏడుపొచ్చిందన్నారు. నాకు మాత్రం ఆ మాటలో పొగరు కన్నా నిజాయితీ ఎక్కువ కనిపించింది. ఇన్నాళ్ళూ అమ్మానాన్నల దేవుడికి తను ప్రార్థన చేస్తున్నానని వాడు గమనించాడు. చాలామంది నలభై ఏళ్ళొచ్చినా అది గమనించకుండానే కానుకలేసి ఇంటికెళ్ళిపోతుంటారు.

బాల సమూయేలు కథ మనం ప్రతి వీబీఎస్‌లో (వేసవి సెలవుల బైబిలు బడిలో) చెబుతాం. చెప్పేటప్పుడు ఒక వచనం దాటేస్తాం. ఆ పిల్లాడు తల్లి మొక్కుకుని కన్నవాడు. మందిరంలోనే ఉంటున్నాడు, అక్కడే పరిచర్య చేస్తున్నాడు, రాత్రి అక్కడే పడుకుంటున్నాడు. అయినా, సమూయేలు అప్పటికి ఇంకా దేవుణ్ణి ఎరగడని మొదటి సమూయేలు 3:7లో స్పష్టంగా ఉంది. అందుకే రాత్రి దేవుడి పిలుపు వచ్చినప్పుడల్లా యాజకుడు ఏలీ పిలిచాడనుకుని ఆయన దగ్గరికే పరిగెత్తాడు. మూడోసారికి ఏలీకి సంగతి అర్థమైంది. ‘ఏం చెప్పాడో నేను కనుక్కుంటాలే’ అనలేదాయన. వెళ్ళి పడుకో, మళ్ళీ పిలిస్తే నువ్వే జవాబు చెప్పు అన్నాడు. తల్లిదండ్రుల పని కూడా దాదాపు అంతే. తొందరపడి మధ్యలో దూరకుండా ఉండడం మిగతా అన్నిటికన్నా కష్టం. (ఏలీ సొంత కొడుకులు ఎలా తయారయ్యారో కూడా ఆ పుస్తకంలోనే ఉంది. పాస్టర్ల ఇళ్ళల్లో ఈ భాగం ఎక్కువ చదవరు.)

మన ఇళ్ళల్లో ఇంకో సంగతి కూడా ఉంది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు విశాఖపట్నంలో దిగింది 1805లో. తర్వాత కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం వైపు వచ్చారు. ఆ మొదటి తరంలో నమ్మినవాళ్ళకి నమ్మకం ఊరికే రాలేదు. కులం వెలేసింది, బావి దగ్గర నీళ్ళు తోడుకోనివ్వలేదు, సొంతవాళ్ళే గుమ్మం ఎక్కనివ్వలేదు. పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ఇంటివాళ్ళకి ఎదురు నిలిచి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తనలు మీ అత్తగారికి నోటికి వచ్చే ఉంటాయి. ఆ మనిషి ఏం పోగొట్టుకుని అవి రాశాడో మీ బాబుకి ఎవరూ చెప్పి ఉండరు. మూడో తరం, నాలుగో తరం పిల్లలకి విశ్వాసం రేషన్ కార్డులో పేరులా పుట్టుకతో ఎక్కేసింది. వాళ్ళు దేన్నీ ఎంచుకోవలసిన అవసరం రాలేదు. మీ బాబుకి ఆ అవసరం ఇప్పుడు వచ్చింది. అది మీకు భయంగా ఉంది, నాకు కాస్త సంతోషంగా ఉంది.

సర్టిఫికెట్ సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. పిల్లాడి గొంతులో అడ్డుపడ్డ ముల్లు అదేనని నా అనుమానం, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

వాడు పదో తరగతికి వస్తున్నాడు. నామినల్ రోల్స్‌కి (పరీక్ష రాసే పిల్లల జాబితాకి) వివరాలు అడుగుతారు, కులధ్రువీకరణ తెమ్మంటారు. ఇంట్లో ఒక పేరు, స్కూల్లో ఒక పేరు. చర్చిలో క్రైస్తవుడు, కాగితంలో హిందువు. మన జిల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో ఇలా ఉందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. చాటుమాటుగా తప్ప ఎవరూ మాట్లాడరు. పిల్లలు మాత్రం దీన్ని అబద్ధమనే పిలుస్తారు. అదే నోటితో మనం ‘అబద్ధమాడకూడదు’ అనే కంఠత వాక్యం నేర్పిస్తున్నాం కదా మరి.

వాడిని కూర్చోబెట్టి మొత్తం చెప్పండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట దాదాపుగా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళని మన రాష్ట్రంలో బీసీ-సీ కింద పెట్టారు, ఒక శాతం రిజర్వేషన్. గిరిజనులకు ఈ తిప్పలు లేవు. సవరలైనా జాతాపులైనా ఏ మతంలో ఉన్నా ఎస్టీలే. అంటే తాతకి ఊళ్ళో జరిగిన అవమానం చర్చికి వెళ్ళినంత మాత్రాన తగ్గలేదు గానీ, కాగితం మీద హోదా పోయింది. దీనికి భయపడి పెద్దవాళ్ళు ఒక దారి పట్టారు. ఇది చెబితే వాడికి మీ తాతలు దొంగల్లా కాకుండా, ఇరుక్కున్న మనుషుల్లా కనిపిస్తారు.

కానీ అక్కడ ఆగి మీరు సమర్థించుకోవడం మొదలుపెడితే చెప్పిందంతా వృథా. “మేమూ భయపడ్డాం. అది సరైనదని నీకు చెప్పను. రేపు నీ కాగితంలో ఏం రాయించాలో నువ్వూ మాతో కూర్చుని ఆలోచించు, చట్టం ఏం చెబుతోందో తెలిసినవాళ్ళని అడుగుదాం” అనండి. మీరు చివరికి ఏ దారి తీసుకోవాలో నేను ఇక్కడ కూర్చుని చెప్పను. ఫీజు కట్టేది మీరు, రేపు దాని ఫలితం పడేది వాడు. నాకు తెలిసిందల్లా, తల్లి నోట నిజం విన్న పిల్లాడు ఆ తర్వాత ఆమె చెప్పే దేవుడి మాట కూడా కొంచెం వింటాడు.

ప్రశ్నల గురించి. వాడు ఇంకా అడుగుతాడు, అడగనివ్వండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం కొబ్బరిని పడుకోబెట్టేసిన తర్వాతి ఆదివారం, మా క్లాసులో ఓ పిల్ల లేచి, “గాలినీ సముద్రాన్నీ గద్దించాడని చెప్పారు కదా టీచర్, మరి దీన్ని ఎందుకు గద్దించలేదు?” అంది. దాని మేనమామ తోట మొత్తం పోయింది. అలాంటప్పుడు ‘దేవుని చిత్తం’ అనేసి తర్వాతి పాటకి వెళ్ళిపోవడం సులువు. నాకు తెలియదని చెప్పాను. పడవలో శిష్యులు కూడా “మేం చచ్చిపోతున్నా నీకు పట్టదా?” అనే కదా ఆయన్ని లేపారు, అది మార్కు సువార్తలోనే ఉందని చూపించాను. ఆ పిల్ల ఆ వచనం కింద పెన్సిల్‌తో గీత గీసుకుంది.

ఇంకో పిల్లాడి సంగతి. వాళ్ళది కవిటి వైపు, బతుకుతెరువుకి విజయనగరం వచ్చారు. తాతకి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలని ఆ జబ్బే. డయాలసిస్ చేయించి తీసుకొచ్చిన రోజున ఆ ముసలాయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు, పిల్లాడు కాళ్ళు పడుతూ ప్రార్థన చేసేవాడు. ఏడో తరగతి పిల్లాడు, రోజూ, ఎవరూ చెప్పకుండా. తాత చనిపోయాడు. ఆదరణ కూటానికి (చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థనకి) వచ్చిన ఒకావిడ, ‘ప్రార్థనలో విశ్వాసం తక్కువైందేమో’ అంది. పిల్లాడు విన్నాడు. ఆ రోజు నుంచి కళ్ళు మూసుకోవడం మానేశాడు. అందరూ ప్రార్థనలో తల వంచితే వీడు గోడమీద గడియారం చూస్తుండేవాడు.

వాడి నానమ్మకి చదువు రాదు. వాడి చేతే 13వ కీర్తన చదివించింది. మొదటి రెండు వచనాలూ ‘ఎంతకాలం, ఎంతకాలం’ అనే. తర్వాత 88వ కీర్తన. ఇలాంటి మిగతా కీర్తనలు చాలావరకు చివర్లోనైనా కాస్త తెరిపిన పడతాయి, ఇది చీకటి అనే మాటతోనే ఆగిపోతుంది. పిల్లాడు అడిగాడట, “దేవుణ్ణి ఇలా అనొచ్చేటి?” అని. ఆవిడ, “అంత పెద్ద పుస్తకంలో రాసెట్టినారంటే అనొచ్చనే కాదేటి నాయినా” అందట. ఈ ముక్క నాకు ఆవిడే చెప్పింది, చర్చి అరుగు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ. పిల్లాడు వెంటనే మారిపోయాడా అంటే, లేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, వెనక బెంచీలో కూర్చుంటాడు, అన్ని పాటలూ పాడడు. కానీ వస్తాడు, ఎవరూ పిలవకుండా.

వాక్యాల గురించి ఒక మాట. కంఠత వాక్యాలకి నేను వ్యతిరేకిని కాదు, బతుకంతా అవే నేర్పించాను. కానీ కొత్త సంవత్సరానికి ఒక్కో వచనం రాసి పంచే వాగ్దాన కార్డుల అలవాటు వాటిని పాడుచేసింది. యిర్మీయా 29:11, మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే వచనం, ఏ ఇంట్లో చూసినా గోడ మీద ఉంటుంది. దాని పైనున్న పదో వచనంలో ‘డెబ్బయి ఏళ్ళ తర్వాత’ అని ఉందని ఎవరూ చెప్పరు. అది బబులోనులో చెరలో ఉన్నవాళ్ళకి రాసిన ఉత్తరం. చదివినవాళ్ళలో చాలామంది తిరిగి ఇంటికి రాలేదు. ఫిలిప్పీ 4:13, నన్ను బలపరిచేవాడి వల్ల అన్నీ చేయగలననే మాట, పరీక్షల ముందు చదివించే వాక్యం అయిపోయింది. పైన పౌలు ఆకలి గురించీ లేమి గురించీ మాట్లాడుతున్నాడు, మార్కుల గురించి కాదు. పిల్లాడికి మార్కులు తక్కువొస్తే వాడి లెక్కలో వాక్యమే తప్పిపోతుంది.

మీ బాబు ఇంగ్లీషు మీడియం కాబట్టి మన పాత తెలుగు బైబిలు వాడికి అరవంలా ఉంటుంది. వాడుక తెలుగులో అనువాదాలు ఫోన్లోనే దొరుకుతాయి, ఇంగ్లీషులోనైనా పర్వాలేదు, నామోషీ పడకండి. మార్కు సువార్త పదహారే అధ్యాయాలు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా కథలా చదవమనండి, వారానికి ఒక అధ్యాయమైనా చాలు. చదివాక ‘దేవుడు నీతో ఏం మాట్లాడాడు?’ అని అడగొద్దు. ఆ ప్రశ్నకి మన పిల్లలందరికీ రెడీమేడ్ జవాబులు వచ్చు. ‘ఇందులో నీకు నచ్చనిదేంటి?’ అని అడిగి చూడండి. మొహం వెలుగుతుంది.

అరసవల్లి రథసప్తమికి ఫ్రెండ్స్‌తో వెళ్ళాలన్నాడని, మీరు వద్దన్నారని రాశారు. మా ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమాను పండగ వచ్చినప్పుడల్లా ఇదే గొడవ. వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. కాకపోతే వద్దన్నందుకు కారణంగా స్నేహితుల దేవుణ్ణి తక్కువ చేసి మాట్లాడకండి. పక్క బెంచీలో కూర్చుని టిఫిన్ పంచుకునేవాడు నరకానికి పోతాడని చెబితే, పిల్లాడు స్నేహితుణ్ణి వదలడు, దేవుణ్ణి వదిలేస్తాడు. తీర్పు తీర్చే పని దేవుడిదని చెప్పండి. యేసు రోమా శతాధిపతిని చూసి, ఇశ్రాయేలులో ఎవరిలోనూ ఇంత విశ్వాసం చూడలేదన్నాడని (మత్తయి 8:10) గుర్తుచేయండి. మొదటి పేతురు 3:15లో మన నిరీక్షణకి కారణం అడిగితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న సగం అందరికీ నోటికి వచ్చు. సాత్వికంతో, భయంతో చెప్పమన్న సగం మైకు పట్టుకున్నవాళ్ళలో కూడా చాలామందికి గుర్తుండదు.

ఆదివారం సంగతి. పదో తరగతి అయ్యేదాకా ఆరాధనకి అందరం కలిసి వెళ్ళడం ఇంటి పద్ధతి అని చెప్పొచ్చు. అన్నం అందరం కలిసి తిన్నట్టే అదీ. ఇందులో నాతో విభేదించేవాళ్ళున్నారు, ఉండనివ్వండి. కానీ అక్కడికి వచ్చాక సాక్ష్యం చెప్పమని నిలబెట్టడం, కళ్ళు మూసుకున్నాడా లేదా అని చూడడం, ఇంటికొచ్చాక ప్రసంగం అప్పజెప్పించుకోవడం మానేయండి. కుటుంబ ప్రార్థన పదిహేను నిమిషాలకి దించండి. గంటసేపు సాగే ప్రార్థనల్లో దేవుడికి చెబుతున్నట్టు పిల్లలకి చీవాట్లు పెట్టే అలవాటు మనవాళ్ళకుంది, “ప్రభువా, ఫోను చూసే ఈ బిడ్డని మార్చు” అని. పిల్లలకి అది వెంటనే తెలిసిపోతుంది. అత్తగారికి కూడా మెల్లగా చెప్పండి: ఉపవాసం ఉండాలనిపిస్తే ఉండొచ్చు, కానీ వాడి పేరు చెప్పి ఇంటినిండా మనుషుల్ని పోగేయొద్దని.

వాడికి చర్చిలో ఒక పని దొరుకుతుందేమో చూడండి. సౌండ్ బాక్సులు, ప్రొజెక్టర్, క్రిస్మస్ స్టార్, ఏదైనా సరే. స్త్రీల సమాజం వాళ్ళు ఆస్పత్రికి రొట్టె, పళ్ళు పట్టుకెళ్ళేటప్పుడు సంచులు మోయడానికి పంపండి. మీరు కాకుండా ఇంకో పెద్దమనిషి, కుట్టుపని చేసుకునే అన్నయ్యో, కరెంటు ఆఫీసులో పనిచేసే మావయ్యో, వాడితో ప్రసంగం లేకుండా టీ తాగేవాళ్ళు ఒకరుంటే ఇంకా మంచిది. నా దగ్గర పెరిగిన పిల్లల్లో విశ్వాసంలో నిలబడ్డవాళ్ళకి దాదాపు అందరికీ అలాంటి ఒక మనిషి ఉన్నారు.

మీ ఆయన దగ్గర లేరని బాధపడ్డారు. పౌలు శిష్యుడు తిమోతి తండ్రి గ్రీకువాడు (అపొస్తలుల కార్యాలు 16:1), ఆయన విశ్వాసం గురించి ఎక్కడా ఒక్క మాట లేదు. పౌలు తలుచుకున్నది అమ్మమ్మ లోయినీ, తల్లి యునీకేనీ. వాళ్ళు ఏం చేశారో వివరంగా రాయలేదు. ఆ ఇంట్లో వాళ్ళు రోజూ బతికిన తీరే పిల్లాడికి కనబడి ఉంటుంది. మీరు చీటీ డబ్బు కట్టలేక కంగారు పడుతున్నప్పుడు, పొరుగింటావిడ మీద కోపం వచ్చినప్పుడు చేసే ప్రార్థన వాడి చెవిన పడనివ్వండి. అందంగా ఉండక్కర్లేదు.

పాప గురించి మీరేం అడగలేదు, బంగారు తల్లి, చెప్పినట్టు వింటుంది అన్నారు. ఆ పిల్లనీ కొంచెం కనిపెట్టండి. అన్నయ్యకి తిట్లు పడుతున్నాయి కాబట్టి తను ఎంత భక్తిగా ఉంటే అమ్మకి అంత ఇష్టమని ఇప్పటికే లెక్క కట్టి ఉంటుంది. అన్నయ్య ముందు తనని మెచ్చుకోవడం మానండి. నెలకోసారైనా తనని కూడా విడిగా కూర్చోబెట్టి, దేవుడి గురించి నీకు అర్థం కానిదేంటి అని అడగండి.

సంక్రాంతికి మీ ఆయన వస్తారు కదా. ముందే ఫోన్లో అంతా చెప్పి ఉంచండి, ముఖ్యంగా సర్టిఫికెట్ సంగతి. బస్సు దిగిన రోజునే బాబుని కూర్చోబెట్టి మందలించొద్దని కూడా గట్టిగా చెప్పండి. ఓ రెండ్రోజులు పోయాక, తండ్రీ కొడుకూ కలిసి బజారుకి వెళ్ళినప్పుడు దార్లో, ‘నీ వయసులో నాకూ అనుమానాలొచ్చాయిరా’ అని ఆయనే మొదలుపెడితే బాగుంటుంది, నిజంగా వచ్చి ఉంటే. రాకపోతే అబద్ధం చెప్పొద్దనండి.